పన్నెండు గళ్ళ ఖాళీ

మా జాజ్ సంఘానికి నేను అధ్యక్షుణ్ణి కావడానికి కారణం సంగీతం కాదు, గోడౌను. యానాంలో మా నాన్న రొయ్యల మేత అమ్ముతాడు. దుకాణం వెనక గోడౌనులో బస్తాలు ఓ పక్కకు జరిపితే నలుగురు మనుషులూ నాలుగు వాయిద్యాలూ పట్టేంత చోటు మిగులుతుంది. కాలేజీలో మాకు గది ఇవ్వలేదు కాబట్టి, చోటు ఎవరిదో పదవి వాళ్ళదేనని మిగతా ముగ్గురూ తీర్మానించేశారు. అధ్యక్షుడికి కుర్చీ ఉంటుందంటారు. నాకు దక్కింది మేత బస్తా. దాని మీద కూర్చునే పాలించాను. రిహార్సల్ నుంచి తిన్నగా క్లాసుకు వెళ్తే పక్కవాళ్ళు ముక్కు మూసుకునేవారు. నా పాలన వాసన అలాంటిది.

పేరు మాత్రం ఘనంగా పెట్టుకున్నాం: విశ్వవిద్యాలయ విద్యార్థి జాజ్ సంఘం. ఆ విశ్వవిద్యాలయం మాకు వందల మైళ్ళ దూరంలో ఉంది. మా ఊళ్ళో ఉన్నది దాని కింద నడిచే కాలేజీ. విశ్వమంతా కలిపి మేం నలుగురం.

కీబోర్డు వాయించేవాడు దరియాలతిప్ప నుంచి వచ్చేవాడు. ఆదివారాలు చర్చిలో ఆరాధనకు వాయించి వాయించి, ఏ పాటైనా చివరికొచ్చేసరికి వాడి వేళ్ళు వాటంతటవే ఆమెన్ పలికించేవి. వాళ్ళకు సంఘం అంటే చర్చికి వచ్చే జనం, ఆ జనాన్ని చూసుకునే పాస్టరు సంఘకాపరి. అందుకని వాడు నన్ను "కాపరి గారూ" అనే పిలిచేవాడు. కాయాల్సిన గొర్రెలు మూడే అయినా ఒక్కటీ నా మాట వినేది కాదు.

డ్రమ్ములవాడిది కాలువ అవతలి ఊరు. కాలువకు ఇవతల పుదుచ్చేరి, అవతల ఆంధ్ర. వాడు రోజూ సైకిలు మీద రాష్ట్రం దాటి కాలేజీకి వచ్చేవాడు. అదేమంత గొప్ప ప్రయాణమని అప్పటికి మాకెవరికీ తోచలేదు.

నాలుగో మనిషి సాక్సోఫోన్. నిజానికి మొదటి మనిషి. ఫరంపేట అమ్మాయి. వాళ్ళ నాన్న పెళ్ళి బ్యాండుకు మాస్టారు, క్లారినెట్ వాయిస్తాడు. మేళంలో ఎవరూ పట్టుకోక మూల పడి ఉన్న సాక్సోఫోన్‌ను ఆ అమ్మాయి పదో తరగతి సెలవుల్లో పట్టుకుంది, మళ్ళీ దించలేదు. అదే వాయిద్యాన్ని వేరే దేశాల్లో పెళ్ళి ఊరేగింపు లేకుండా కూడా వాయిస్తారని ఫోన్లో చూసి, మా ముగ్గురినీ పోగుచేసింది. అధ్యక్షురాలివి నువ్వే అవ్వమంటే, "నాకు ఊదుకోడానికే టైం చాలట్లేదు, ఆ పెత్తనమేదో నువ్వే ఏడు" అంది. డిగ్రీ పూర్తయ్యాక వాళ్ళ నాన్న మేళంలో ముందు వరసలో, ఆయన పక్కన నడుస్తూ వాయించాలని ఆ అమ్మాయి కోరిక. ఆ మేళంలో ఆడపిల్ల ఎప్పుడూ నడవలేదు. మాస్టారు ఔననలేదు, కాదనలేదు. "నడుత్తా ఊదడానికి ఊపిరి కావాలమ్మా" అని మాత్రం అనేవాడట.

ఇక నేను. నాది బేస్ గిటార్: లావు తీగలు, లోతు గొంతు. వాయిస్తున్నంతసేపూ ఎవరికీ వినపడదు కానీ, ఆపితే ఏదో తక్కువైందని అందరికీ తెలుస్తుందంటారు. నేను చాలాసార్లు ఆపి చూశాను. ఎవరికీ తెలియలేదు.

మేం వాయించేది మేమే కట్టుకున్న ఒక పాట. దాన్ని పన్నెండు గళ్ళ పాట అనేవాళ్ళం. గడికి నాలుగు దెబ్బలు. పన్నెండు గళ్ళూ అయిపోతే మళ్ళీ మొదటి గడి. మొదట అందరం కలిసి ఒక చుట్టు, తర్వాత ఒక్కో చుట్టు ఒక్కొక్కరి వంతు. వంతు వచ్చినవాళ్ళు అప్పటికప్పుడు తోచింది వాయిస్తారు, మిగతావాళ్ళు తగ్గుతారు. ఆ అమ్మాయి వంతొస్తే గోడౌను రేకులు అదిరేవి. ఎక్కడా సందు వదిలేది కాదు. పన్నెండు గళ్ళలో పాతిక గళ్ళ సరుకు కుక్కేది. మేమొచ్చాక గోడౌనులో ఎలకలు తగ్గాయని మా అమ్మ అందరికీ చెప్పుకునేది. మా సంఘానికి వచ్చిన మొదటి ప్రశంస అదే.

మాకొక ఆచారం ఉండేది. ఎవరైనా రాని రోజున వాళ్ళ వంతు ఇంకొకరికి ఇవ్వం. పన్నెండు గళ్ళూ డ్రమ్మూ బేసూ మాత్రమే నడుస్తాయి, ఆ మనిషి చోటు ఖాళీగా పోతుంది. ఇది ఆ అమ్మాయి వాళ్ళ నాన్న మేళం నుంచి తెచ్చింది. ఊరేగింపులో వాళ్ళు రెండేసి మంది వరసలుగా నడుస్తారు. ఎవరైనా జ్వరం వచ్చి రాకపోతే పక్కవాడు ఆ చోటులోకి జరగడు. ఖాళీ అలాగే నడుస్తుంది.

అలా ఉండగా కరోనా వచ్చి ఊళ్ళు మూశారు.

మాది చుట్టూ ఆంధ్ర ఉన్న చిన్న ఊరు. రోడ్డు చివర ఇనుప గేట్లు అడ్డం పెట్టి, పోలీసులు కుర్చీలేసుకుని కూర్చున్నారు. డ్రమ్ములవాడు ఒక్క పూటలో పరాయి రాష్ట్రం వాడైపోయాడు. వాడి డ్రమ్ములు మా గోడౌనులో, వాడు కాలువ అవతల. రొయ్యల చెరువు గట్టు మీద మందు నీళ్ళు కలిపే నీలం ప్లాస్టిక్ డ్రమ్ము బోర్లించుకుని వాయించడం మొదలెట్టాడు. "డ్రమ్ము డ్రమ్మే కదేటి, పేరు మారలేదు" అన్నాడు ఫోన్లో.

అధ్యక్షుడన్నాక ఏదో ఒకటి చెయ్యాలి. అందరం వీడియో కాల్‌లో కలిసి వాయిద్దామని ప్రకటించాను. ఫోన్లో ఒకరి శబ్దం ఇంకొకరికి కాస్త ఆలస్యంగా చేరుతుందని మాకప్పటికి తెలియదు. డ్రమ్ము మొదలెట్టింది. కీబోర్డువాడికి అది ఆలస్యంగా వినపడింది. పాపం డ్రమ్ములవాడు వెనకబడ్డాడని వీడు నెమ్మదించాడు. వీడు నెమ్మదించాడని డ్రమ్ములవాడు ఇంకాస్త తగ్గాడు. నేను ఇద్దరికీ మర్యాద ఇచ్చాను. మరో చోటివాళ్ళయితే ఎవరో ఒకరు తోసుకుంటూ ముందుకు పోయేవారేమో. మేం గోదావరి వాళ్ళం. మీరు కానివ్వండంటే మీరు కానివ్వండి అనుకుంటూ, పెళ్ళి నడక చావు నడకై, చివరకు ఏడో గడిలో పాట నిలబడిపోయింది. నలుగురం ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నాం.

"అయ్ బాబోయ్, ఎవరైనా కదలండ్రా!" అంది సాక్సోఫోన్. అప్పటికీ ఎవరూ ముందు కదలలేదు.

తర్వాత ఆ అమ్మాయే దారి చెప్పింది. వరసగా పంపించుకోవడం. డ్రమ్ములవాడు రికార్డు చేసి నాకు పంపిస్తాడు. అది చెవిలో పెట్టుకుని నేను నా తీగలు కలిపి కీబోర్డుకు పంపిస్తాను. వాడి నుంచి ఆ అమ్మాయికి. వారానికో చుట్టు. ఆదివారం సాయంత్రం నాలుగూ కలిసిన పాట మా ఫోన్లకు వచ్చేది. మొదటి ఏడాది అలా గడిచింది. మధ్యలో గేట్లు తీశారు, మేం కలిసేలోపు మళ్ళీ వేశారు.

రెండో వేసవిలో ఒక ఆదివారం పాట రాలేదు. సోమవారం కీబోర్డువాడు ఫోన్ చేశాడు.

"కాపరి గారూ, మన సాక్సుకి వచ్చేసిందంట. కాకినాడ తీసుకెళ్ళారు. ఆక్సిజన్ పెట్టారంటన్నారు."

ఆ వారం వాళ్ళ చర్చివాళ్ళు ఫోన్లోనే ప్రార్థన పెట్టుకున్నారు. వాడు నన్నూ కలుపుకున్నాడు. ఆమెన్ అనాల్సిన చోట అందరికంటే ముందు అనేశాను. ఆలస్యానికి అలవాటుపడ్డ చెవి నాది.

ఆ అమ్మాయి తిరిగొచ్చింది. అది ముందే చెప్పేస్తున్నాను, చదివేవాళ్ళకు కంగారు ఎందుకు. కాకపోతే వచ్చింది మనిషి, ఊపిరి వెనకబడిపోయింది. తిరగడానికి వీలు దొరకగానే నేను ఫరంపేట వెళ్ళాను. వాళ్ళింటి ముందు గేటు ఇవతల నిలబడ్డాను, తను అరుగు మీద కూర్చుంది. మాస్టారు వచ్చి "దూరంగానే ఉండండి బాబూ, ఏవనుకోకండి" అని నాకో స్టూలు వేసి లోపలికెళ్ళాడు.

తన చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. అందులో మూడు గొట్టాలు, గొట్టానికో బంతి. పైపు నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో కనిపించిందది.

"చూడు," అని పీల్చింది. ఒక బంతి లేచింది. రెండోది కదిలి పడిపోయింది. మెడ దగ్గర నరాలు బిగిశాయి. ఆ డబ్బా దించి మాట రావడానికి కొంతసేపు పట్టింది.

"ఒకటి," అంది.

"క్రికెట్‌లో ఒక్క బంతికి కూడా మ్యాచ్ గెలుస్తారు," అన్నాను. నా హాస్యం గురించి నాకు అపోహలు లేవు, కానీ ఆ క్షణంలో అంతకంటే మంచిది దొరకలేదు.

"నువ్వు ఓదార్చకు. నీ బేస్ లాగే ఉంటది, వచ్చిందో రాలేదో తెల్దు," అంది. డబ్బాలో బంతుల్నే చూస్తూ, "మూడూ లేసినప్పుడు వత్తాను. అప్పటిదాకా నన్ను పిలవద్దు. లేవకపోతే... నాన్నకి క్లారినెట్ ఉంది, మేళానికి ఇబ్బందేం లేదులే," అంది.

తలుపు సందులోంచి సాక్సోఫోన్ పెట్టె కనపడింది. దాని మీద మడతపెట్టిన దుప్పట్లు పేర్చి ఉన్నాయి. రోజూ తీసే పెట్టె మీద ఎవరూ దుప్పట్లు పెట్టరు.

అదే సమయంలో విశ్వవిద్యాలయానికి మేము గుర్తొచ్చాం. విద్యార్థి సంఘాలన్నీ ఆన్‌లైన్ ఉత్సవానికి ఒక్కో వీడియో పంపాలట. పంపని సంఘం పేరు కొట్టేస్తారట. మా సలహాదారు, ఎకనామిక్స్ మాస్టారు, ఫోన్ చేసి "ఏదో ఒకటి పంపెయ్యవయ్యా, విన్నా వినకపోయినా పేరుంటుంది" అన్నాడు.

పాట ఉంది. ఆ అమ్మాయి వంతు లేదు.

"మా బావ ఫ్లూట్ ఊదుతాడు. ఆ పన్నెండు గళ్ళూ ఆడి చేత ఊదించేద్దాం. తను బాగయ్యాక మళ్ళీ తన చోటు తనకే," అన్నాడు డ్రమ్ములవాడు. వాడిలో చెడ్డ ఉద్దేశం లేదు. సంఘం పేరు పోతుందని వాడి భయం.

"కాపరి గారి ఇష్టం," అన్నాడు కీబోర్డువాడు. అధ్యక్షుడైనప్పటి నుంచి నా ఇష్టం ఎవరైనా అడగడం అదే మొదలు. నాకు ఇష్టమంటూ ఒకటి ఉందో లేదో వెతుక్కోవాల్సి వచ్చింది.

పిలవద్దంది కానీ అడగొద్దనలేదు కదా అని ఆ అమ్మాయికే ఫోన్ చేశాను.

"ఇచ్చెయ్యండి. ఖాళీ ఎందుకు, చూసినోళ్ళందరూ ఏవయ్యిందని అడుగుతారు. నాకు జాలి వద్దు," అంది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు బస్తా మీద కూర్చున్నాను. ఆ చోటు ఖాళీగా ఉంచితే రావాలని బలవంతపెట్టినట్టు. నింపేస్తే రానక్కర్లేదని చెప్పినట్టు. రెండిట్లో ఏది ఎక్కువ బాధో నాకు తెలియలేదు. కానీ ఆచారం ఆ అమ్మాయిదే. తను మర్చిపోయిందని మేమూ మర్చిపోతే, తిరిగొచ్చినప్పుడు తనకు చూపించడానికి ఏం మిగులుతుందనిపించింది. మర్యాదస్తుణ్ణి, ఎవరి మాటా తీసెయ్యలేనివాణ్ణి, ఆ ఒక్కసారి ఇద్దరి మాటలూ తీసేసి ఖాళీ ఉంచే పంపించాను. వీడియోలో నాలుగు గళ్ళు. మూడింట్లో మేం, నాలుగో దాంట్లో గోడౌనులో ఆ అమ్మాయి నిలబడే చోటు. తన వంతు రాగానే డ్రమ్మూ, నా తీగలూ, ఆ చోటు వెనకాల గోడ.

ఉత్సవంలో మాకేమీ రాలేదు. ఎకనామిక్స్ మాస్టారు మాత్రం ఫోన్ చేశాడు. "బానే ఉందయ్యా, కాకపోతే మధ్యలో ఒకళ్ళకి సౌండు పోయింది. చూసుకోవాల్సింది."

"చూసుకుంటామండి," అన్నాను.

మర్నాడు మా గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఎన్నో వారాల తర్వాత ఆ నంబరు నుంచి. "డ్రమ్ము ఏడో గడిలో లయ దాటి పరిగెత్తింది." అంతే.

డ్రమ్ములవాడు వెంటనే నాకు ఫోన్ చేశాడు. "నేనా? పరిగెత్తానా? ప్లాస్టిక్ డ్రమ్ము మీద అంతకంటే ఎవడు వాయిస్తాడురా?" అని రుసరుసలాడి, ఉన్నట్టుండి ఆగి, "ఒరే... తిట్టిందంటే గళ్ళు లెక్కెట్టిందిరా!" అన్నాడు. వాడి గొంతులో అంత ఆనందం మంచి వాయింపుకు కూడా నేనెప్పుడూ వినలేదు.

లెక్కపెట్టింది కానీ రాలేదు. పాట ప్రతి ఆదివారం ఖాళీతోనే వెళ్ళేది. ఆ నంబరు విన్నట్టు రెండు నీలం గుర్తులు పడేవి. మళ్ళీ మాట లేదు.

వానలు తగ్గాక పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. తక్కువ మంది జనం, మూతులకు మాస్కులు, అయినా పెళ్ళి పెళ్ళే. ఒక పొద్దున మా దుకాణం ముందు నుంచి మేళం వెళ్ళింది. మాస్టారి మేళం. సగం మందే ఉన్నారు. వెనక రెండు వరసల్లో ఇద్దరిద్దరు. ముందు వరసలో మాస్టారు ఒక్కడే, అదీ మధ్యలో కాదు, ఎడం పక్కకు. కుడి పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడుస్తున్నాడు. ఎదురుగా మోటారు సైకిలువాడొకడు ఆ సందులోంచి దూరబోతే, క్లారినెట్ నోట్లోంచి తియ్యకుండానే మోచెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ మేళంలో ఆ అమ్మాయి ఎప్పుడూ నడవలేదు. రానివాళ్ళ చోటు ఖాళీగా ఉంచడం చూశాను కానీ, ఇంకా చేరని మనిషికి చోటు ఉంచడం అదే మొదటిసారి చూడటం.

ఫోన్ చేశాను. "మీ నాన్న మేళం ఇప్పుడే మా వీధిలోంచి వెళ్ళింది," అన్నాను. "ముందు వరసలో ఎడం పక్కన నడుస్తున్నాడు. కుడి పక్కన ఎవరూ లేరు."

అవతల బంతుల డబ్బా కింద పెట్టిన చప్పుడైంది.

"కుడి పక్కనా?" అంది.

"కుడి పక్కనే."

"నాకు చెప్పలేదు," అని పెట్టేసింది.

ఆ తర్వాతి ఆదివారం, గేట్లన్నీ తీసేశాక మేం మొదటిసారి గోడౌనులో కలిశాం. డ్రమ్ములవాడు సైకిలు మీద రాష్ట్రం దాటి వచ్చి, తన అసలు డ్రమ్ముల మీద దుమ్ము దులుపుకుంటూ వాటితో మాట్లాడుతున్నాడు. కీబోర్డువాడు వైర్లు కలుపుతున్నాడు. బయట మోపెడ్ ఆగింది. మాస్టారు, వెనక ఆ అమ్మాయి, ఒళ్ళో పెట్టె.

"వందనాలండి మాస్టారూ," అన్నాడు కీబోర్డువాడు లేచి.

"వందనాలు బాబూ. ఇంటానంటే తీసుకొచ్చాను," అన్నాడాయన. లోపలికి రాకుండా గుమ్మం పక్కన, మాకు వీపు చూపిస్తూ రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

"వినడానికే," అంది తను. సన్నబడింది. పెట్టె మాత్రం వినడానికి వచ్చినవాళ్ళ పెట్టెలా లేదు. దాని మీద దుప్పటి నూలుపోగు ఒక్కటి కూడా లేదు.

"ఎన్ని?" అన్నాను.

"రెండు. మూడోది సగం దాకా వచ్చి జారిపోతంది." బస్తాల మీద కూర్చుంది. "నా కోసం ఆగొద్దు. మీరు మొదలెట్టండి."

మొదలెట్టాం. అందరం కలిసిన చుట్టు అయింది. కీబోర్డువాడి వంతు ఆమెన్‌తో ముగిసింది. ఆ అమ్మాయి వంతు వచ్చింది. ఎప్పట్లాగే డ్రమ్మూ, నా తీగలూ. ఒక గడి. రెండు. తన వైపు చూడకూడదని ముగ్గురం ముందే అనుకున్నాం. ముగ్గురం చూస్తున్నాం. పెట్టె తెరిచిన చప్పుడైంది. వాయిద్యం అమర్చి, ఊదే చోట ఉండే రీడు తడిపేసరికి నాలుగు గళ్ళు ఖాళీగా వెళ్ళిపోయాయి.

అయిదో గడిలో మూడు స్వరాలు. ఆగింది. ఊపిరి తీసుకోవడం వినపడింది, రంపం లాగినట్టు. మళ్ళీ రెండు స్వరాలు. ఒక గడి మొత్తం ఏమీ లేదు. మళ్ళీ మూడు. మునుపు రేకులు అదరగొట్టిన మనిషి, సందు వదలని మనిషి, ఇప్పుడు తన దగ్గరున్న కాస్త గాలినీ ఎక్కడ పెట్టాలో ఏరుకుని పెడుతోంది. ఆ ఖాళీల్లో పాట తగ్గలేదు. మొదటిసారిగా నాకు ఆ పాటలో ప్రతి స్వరమూ విడిగా వినపడింది. గుమ్మం దగ్గర మాస్టారు ఇటు తిరగలేదు. ఆయన కుడి మడమ మాత్రం నేల మీద దెబ్బలు లెక్కపెడుతోంది.

పన్నెండో గడిలో ఒక పొడుగు స్వరం పట్టింది. అది వణికి, సగంలో తెగింది. తెగిన చోటే వదిలేసి, వాయిద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని రొప్పుతూ నేల వైపు చూసింది.

డ్రమ్ము ఆగలేదు. నడుస్తూనే ఉంది, ఒంటరిగా. కీబోర్డు అందుకోలేదు. ఇంకెవరూ ఏమీ వాయించడం లేదు. ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఏమిటా అని చుట్టూ చూస్తే, అందరూ నన్నే చూస్తున్నారు.

"అధ్యక్షా," అంది తను. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ, "నీ వంతు... ఎప్పుడో వచ్చింది."

నా తీగల మీద నా చెయ్యి లేదు. ఎప్పుడు తీసేశానో కూడా తెలియదు. ఇన్నేళ్ళలో నేను ఆపిన సంగతి వాళ్ళకు తెలిసింది అప్పుడే. ఎన్నో గడిలో ఉన్నామని కళ్ళతోనే అడిగాను. తను ఏడు వేళ్ళు చూపించింది. అంతలోనే డ్రమ్ము పరిగెత్తింది.

ఎనిమిదో గడిలో అందుకున్నాను.